ఈల తరువాత ఎనిమిది సెకన్లు

నేను ఒక ఇత్తడి ఈలను. ఊళ్ళో జనం విజిల్ అంటారు, అలా పిలిచినా పలుకుతాను. పొట్టలో బఠాణీ గింజంత బెండు ఉండ, పైన చిన్న కిటికీ, వెనక తాడు కట్టుకోవడానికి ఓ రింగు, ఇంతే నా ఒళ్ళు. నన్ను చేసిన పనివాడు రోజుకు రెండు వందల ఈలలు చేసి, ఒక్కొక్కదాన్నీ ఒకసారి ఊది చూసి బుట్టలో పడేసేవాడు. సాయంత్రానికి ఆయన బుగ్గలు నొప్పి పుట్టేవి. నేను పుట్టి విన్న మొదటి శబ్దం నా సొంత గొంతే. మనుషుల్లో కూడా కొందరికి బతుకంతా అదొక్కటే వినిపిస్తుందని తరవాత తెలిసింది.

నాకు కళ్ళు లేవు కదా, నువ్వు చెప్పే కథేమిటని అడుగుతారేమో. కంటితో చూసేవి పక్కవాళ్ళ మాటల్లో విన్నాను, ఊపిరి మాత్రం నాకే తెలుసు. మనిషి మాటల్లో ఎన్నైనా దాచగలడు. నాలోంచి ఊపిరి పంపేటప్పుడు మాత్రం ఏదీ దాచలేడు.

మొదట నన్ను కొన్నది రాజమౌళి అనే హోంగార్డు. జగిత్యాలలో ఒక చౌరస్తాలో నిలబడేవాడు. నేనెంత గట్టిగా అరిస్తే ఆటోలు అంత జోరుగా పోయేవి. ఆయన ఊపిరిలో ఎప్పుడూ ఒక క్షమాపణ ఉండేది, ఆపుతున్నందుకు ఏమీ అనుకోవద్దు అన్నట్టు. ఆ సంగతి ఆటోవాళ్ళకు కూడా తెలిసిపోయిందనుకుంటాను. నాలుగేళ్ళకు ఆయన్ని ఆఫీసు కాపలాకు మార్చారు. అక్కడ ఈల పని లేదు గనక, నన్ను తన బామ్మర్ది చేతిలో పెట్టాడు.

ఆ బామ్మర్దే కనకయ్య సార్. రేగులపల్లె ఉన్నత పాఠశాలలో ఆటల మాస్టారు. నన్ను ఎర్ర నైలాన్ తాడుకు కట్టి మెడలో వేసుకున్నాడు. నా దశ తిరిగింది. చౌరస్తాలో ఒక్క సైకిలు ఆగని నా గొంతుకు ఇక్కడ నాలుగు వందల మంది పిల్లలు బిగుసుకుపోయేవారు. ప్రార్థన నాతోనే మొదలు, డ్రిల్లు నాతోనే, మధ్యాహ్నం అన్నం వరస నాతోనే. హెడ్మాస్టరు కూడా నేను మోగితే కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడట. బడిని నడుపుతున్నది నేనేనని నాకు గట్టి నమ్మకం కలిగింది. బడిలో అలా నమ్మేవాళ్ళు ఇంకో ముగ్గురు ఉన్నారు గనక నాకేమీ వింతగా అనిపించలేదు.

కనకయ్య సార్ ఊపిరి మాత్రం చిత్రంగా ఉండేది. ముందు పిసరంత వణికేది. ఆ వెంటనే ఆ వణుకును తొక్కేసి విరుచుకుపడేది. దాన్ని నేను కోపం అనుకున్నాను. పదకొండేళ్ళు అలాగే అనుకున్నాను.

సార్‌కు ప్రాణం వాలీబాల్. ఆడపిల్లల జట్టును తయారుచేసి మూడేళ్ళుగా జోనల్ పోటీలు గెలవాలని చూస్తున్నాడు, మూడేళ్ళుగా ఎక్కడో ఒకచోట సర్వీసు దగ్గరే జట్టు కొంప మునుగుతోంది. ఆ ఏడాది ఆయన ఆశంతా తొమ్మిదో తరగతి రవళి మీద పెట్టుకున్నాడు. పొడుగు పిల్ల, చెయ్యి బాగా సాగుతుంది. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది, తండ్రి దుబాయిలో ఉన్నాడు. పొద్దున్నే సార్ రాకముందు పిల్లలు తమలో తాము ఆడుకునేటప్పుడు రవళి కొట్టిన సర్వీసు నెట్టు మీదుగా పోయి, అవతలి మూలలో సున్నం గీత పక్కనే పడేదట. ఈ ముక్క పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. నా ఎదుట అదెప్పుడూ జరగలేదు, ఎందుకంటే నేను వచ్చేది సార్‌తోనే.

వాలీబాల్‌లో ఒక నియమం ఉంది. సర్వీసు చేసే మనిషి బంతి పట్టుకుని గీత వెనక నిలబడాలి. రెఫరీ ఈల వెయ్యాలి. ఈల పడ్డాక ఎనిమిది సెకన్లలో బంతి కొట్టాలి. సార్ అభ్యాసంలో కూడా ఆ నియమం పాటించేవాడు, ప్రతి సర్వీసుకూ నన్ను ఊదేవాడు. అంతటితో ఆగితే బాగుండేది. సర్వీసు తప్పినా నన్నే ఊదేవాడు. అప్పుడు ఆ పిల్ల బంతి కింద పెట్టి గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు ఉరకాలి. కాబట్టి కొట్టమని చెప్పేదీ నేనే, తప్పు కొట్టావని చెప్పేదీ నేనే. రెండింటికీ ఒకటే కూత. వినే పిల్లకు ఏది ఏదో తేలేది కాదు.

నేను మోగగానే రవళి భుజాలు చెవుల దాకా లేచేవి. ఎగరేసిన బంతి తల వెనక్కి పోయేది. దాన్ని ఎలాగో అందుకుని కొడితే నెట్టులో. మళ్ళీ నేను, మళ్ళీ రెండు రౌండ్లు. జూన్ నుంచి ఆగస్టు దాకా రవళి ఉరికిన ఉరుకుడు లెక్కేస్తే కరీంనగర్ పోయి రావచ్చని జట్టు కెప్టెన్ సింధూజ అనేది. ఆగస్టులో మండల ఆటల పోటీల్లో పదిహేను వందల మీటర్ల పరుగులో రవళికి మొదటి బహుమతి వచ్చింది. తన శిక్షణ ఫలిస్తున్నదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలని సార్ అందరికీ చెప్పుకున్నాడు. ఆ పిల్లకు నేర్పుతున్నది సర్వీసన్న మాట మాత్రం మరిచాడు.

అదే పోటీల్లో వాలీబాల్ ఫైనల్లో రవళి వరసగా నాలుగు సర్వీసులు నెట్టుకు కొట్టింది. జట్టు మిగతా పిల్లల పుణ్యాన బయటపడి జోనల్‌కు అర్హత తెచ్చుకుంది గాని, సార్ రవళిని మధ్యలోనే కూర్చోబెట్టాడు. వచ్చేటప్పుడు బస్సులో అందరి ముందు ఒక మాట అన్నాడు.

"చేతుల ఆట ఉన్నది బిడ్డా. మనసే లేదు నీకు."

రవళి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దసరా సెలవుల తరవాత ఆటకు రానని అప్పుడే అనుకున్నానని తరవాత సింధూజతో చెప్పింది.

సరిగ్గా ఆ వారంలోనే విశ్వవిద్యాలయం నుంచి హేమనళిని మేడం దిగింది. చేతిలో కాగితాల కట్ట. యువ వాలీబాల్ క్రీడాకారుల సాంకేతిక ప్రదర్శనపై మానసిక అంశాల ప్రభావం అన్నది ఆమె పరిశోధన. ఆ పేరు చెప్పడానికే ఆమెకు రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది. హెడ్మాస్టరు కంగారుపడి, మా బడిలో అలాంటి మానసిక అంశాలేమీ లేవు మేడం, కావాలంటే రికార్డులు చూసుకోండి అన్నాడు.

మేడం పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి తలా ఒక ప్రశ్నపత్రం ఇచ్చింది. పోటీకి ముందు నేను ఆందోళనకు గురవుతాను అన్నది మొదటి వాక్యం. ఎల్లప్పుడూ, తరచుగా, అరుదుగా, ఎన్నడూ లేదు, నాలుగింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. సింధూజ చెయ్యెత్తింది.

"మేమెన్నడు ఆందోళన చెయ్యలే మేడం. మా నాయన చేసిండు. మొన్న వడ్లు కొనాలని రోడ్డు మీద కూసున్నడు."

తన సామర్థ్యం మీద తనకు ఎంత విశ్వాసం ఉందో రాయమన్నది ఇంకో ప్రశ్న. పిల్లలంతా తమకు ఎంత విశ్వాసం ఉందో తెలుసుకోవడానికి సార్ వంక చూశారు. ఎక్కువ అని రాయమన్నాడు సార్. పదిమందీ ఎక్కువ అని రాశారు. పత్రాలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే తీరుగా వచ్చేసరికి మేడం తల పట్టుకుంది. మధ్యలో ఆమె ఫోను మోగింది. అవతల ఆమె పరిశోధనను చూసే ప్రొఫెసరు. కూర్చున్న మనిషి చటుక్కున లేచి నిలబడి మాట్లాడింది. మనిషి ఎదురుగా లేకపోయినా.

కాగితాలతో పని జరగదని తెలుసుకుని మరునాడు మేడం పద్ధతి మార్చింది. ప్రతి పిల్లా పది సర్వీసులు ఈల లేకుండా కొట్టాలి, పది ఈల మీద కొట్టాలి, మరో పది ఈల వేసి సార్ పక్కన నిలబడి చూస్తుండగా కొట్టాలి. మొదటి పదీ అయ్యేదాకా నన్ను తీసి హెడ్మాస్టరు బల్ల సొరుగులో పెట్టారు. అంత అవమానం నాకు చౌరస్తాలో కూడా జరగలేదు. ఫలితాలు మాత్రం తరవాత మేడం చదువుతుంటే విన్నాను. రవళివి ఈల లేకుండా పదికి తొమ్మిది. ఈలతో నాలుగు. సార్ చూస్తుంటే రెండు.

సార్ ఆ కాగితం చూసి నవ్వాడు. నోటుపుస్తకంలో గీసిన గీతలు ఆట కాదన్నాడు. ఈల లేని ఆట లోకంలో ఎక్కడా లేదని, రేపు రెఫరీని కూడా సొరుగులో పెడతారా అని అడిగాడు. మనసు, భయం ఇవన్నీ సదువుకున్నోళ్ళ రోగాలని, మోకాళ్ళు వంచి భుజం తిప్పితే బంతి దానంతట అదే పోతుందని చెప్పాడు. మేడం వాదించలేదు. మెల్లగా ఒక మాట అంది.

"మీరు కూడా పదేసి కొట్టండి సార్. పెద్దవాళ్ళ లెక్క ఒకటి పక్కన ఉంటే బాగుంటుంది."

పిల్లల ముందు అడిగితే కాదనే మాస్టారు ఎవరుంటారు? సార్ నన్ను మెడలోంచి తీసి మేడం చేతికిచ్చి, ప్యాంటు అంచులు మడిచాడు. మొదటి పదీ ఈల లేకుండా కొట్టాడు. తొమ్మిది పడ్డాయి. నలభై ఎనిమిదేళ్ళ మనిషి భుజం తిరిగిన తీరు చూసి పిల్లలు నోరు తెరిచారు. రెండో పదికి మేడం పిల్లల్ని కోర్టుకు అటూ ఇటూ కూర్చోబెట్టింది. హెడ్మాస్టరు కూడా కుర్చీ వేయించుకున్నాడు. అప్పుడు మేడం నన్ను ఊదింది. ఆమె ఊపిరి కూడా వణికిందని అక్కడ నాకొక్కదానికే తెలుసు.

మొదటి సర్వీసు నెట్టుకు తగిలింది. రెండోది గీత దాటింది. మూడోది కొట్టబోయి సార్ ఆగిపోయి, బంతి తుడుచుకుని, మళ్ళీ ఎగరేశాడు. అది తల వెనక్కి పోయింది. అచ్చం రవళికి పోయినట్టే. పదికి నాలుగు పడ్డాయి. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే సార్ తప్పించుకునేవాడు, ఎవరో ఒకరికి రెండు రౌండ్లు వేసి. ఆ నిశ్శబ్దంలో ఆయనకు చేసేది ఏమీ కనబడక నెట్టు గుంజ దగ్గర కింద కూర్చున్నాడు. పిల్లలు దగ్గరికి జరిగారు. నెట్టు తాడు వేలికి చుట్టుకుంటూ చెప్పాడు.

"వరంగల్‌ల కాలేజీ టోర్నమెంటు ఫైనల్. ఐదో సెట్టు, పదిహేనుకు ఆట. వాళ్ళు పద్నాలుగు, మేం పదమూడు. సర్వీసు నాది. రెఫరీ విజిలేసిండు. నెట్టుకు గొట్టిన. గంతే, అయిపోయింది. భుజం నొప్పి లేసిందని అందరికి జెప్పిన. ఏ నొప్పి లేదు. గా విజిలు ఇనంగనే చెయ్యి నాది గాకుంట అయింది."

పిల్లల వంక కాక నేల వంక చూస్తూ అన్నాడు, "మీరు గట్ల కావొద్దనే ఊదుతున్న."

మేడం పెన్ను మూసింది. ఆ రోజు ఇంకేమీ రాసుకోలేదు. పదకొండేళ్ళుగా నేను కోపం అనుకున్నది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. తెలిసి కొంచెం సిగ్గుపడ్డాను కూడా. నాలుగు వందల మంది బెదిరింది ఆ వణుకుకా అని.

మరునాడు సార్ మామూలుగానే వచ్చాడు. నన్ను నోటి దాకా తెచ్చాడు, పిల్లలు బిగుసుకున్నారు. ఆయన ఊదలేదు. తాడు మెడలోంచి తీసి రవళి చేతిలో పెట్టి, నీ సర్వీసుకు నువ్వే ఊదుకో అన్నాడు. ఈ ఉపాయం ముందురోజు సాయంత్రం మేడం చెప్పింది. వారం తిరిగేసరికి అది సార్ సొంత పద్ధతి అయిపోయింది, హెడ్మాస్టరుకు అలాగే వివరించాడు, మేడం కూడా శ్రద్ధగా విని తలూపింది.

రవళి నన్ను ఇంటికి కూడా తీసుకుపోయింది. మొదటిసారి ఊదితే నాలోంచి గాలి తప్ప కూత రాలేదు. అంత భయపడ్డ ఊపిరి నేనెన్నడూ ఎరగను. వాళ్ళమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ, గింత దానికా నువ్వు మూడు నెలల సంది బెదిరింది అని అడిగింది. రవళి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ ఊదింది.

ఆ తరవాత పన్నెండు రోజులు గ్రౌండులో రోజూ ఒకటే పని. బంతి ఎడమ చేత్తో పట్టుకోవడం, కుడి చేత్తో నన్ను నోట పెట్టుకుని ఊదడం, వదిలెయ్యడం, కొట్టడం. ఊదాలంటే ముందు నిండా గాలి పీల్చాలి. ఊదాక భుజాలు వాటంతటవే దిగుతాయి. రెండో వారానికి ఆ పిల్ల నన్ను ఊదకుండానే, ఊదినట్టు గాలి పొడుగ్గా వదిలి సర్వీసు కొట్టసాగింది. రౌండ్లు లేవు. తప్పితే ఇంకో బంతి, అంతే. ఇక నా పరువు సంగతి అడక్కండి. జట్టులో పదిమందీ నన్ను ఊదారు, పదిమంది ఎంగిలికి నా పొట్టలో బెండు ఉబ్బి గొంతు కీచుమనసాగింది. బడిని నడిపిన గొంతును చిన్నపిల్లలు బూరలా వాడుకున్నారు.

జోనల్ పోటీలు కోరుట్లలో జరిగాయి. సెమీఫైనల్లో చెరొక సెట్టు గెలిచాక మూడో సెట్టు పన్నెండు–పద్నాలుగు దగ్గరికి వచ్చింది, అవతలి జట్టుదే పైచేయి. సర్వీసు రవళిది. నేను సార్ జేబులో ఉన్నాను. పక్క బెంచీ మీద మేడం. రెఫరీ మెడలో కొత్త ప్లాస్టిక్ ఈల, దాని కూత చెవిలో సూది దిగినట్టుంది. జేబులో సార్ వేళ్ళు నా చుట్టూ బిగుసుకున్నాయి. ఒకటి, రెండు, మూడు అని ఆయన పెదవులు లెక్కపెట్టడం వినబడింది. రవళి తొందరపడలేదు. గాలి పొడుగ్గా వదిలింది. ఆరో సెకనుకు కొట్టింది. అవతలివాళ్ళ ఇద్దరి మధ్య పడింది. పదమూడు. మళ్ళీ ఈల. ఈసారి అవతల బంతిని ఎత్తిన పిల్ల దాన్ని గ్యాలరీలోకి పంపింది. పద్నాలుగు–పద్నాలుగు. మళ్ళీ ఈల. ఇంకాస్త గట్టిగా కొట్టాలనుకుందో ఏమో, మూడో బంతి చివరి గీతకు బెత్తెడు బయట పడింది. ఆ తరవాతి బంతికి ఆట అయిపోయింది. ఓడిపోయారు.

రెండు జట్లూ చేతులు కలుపుకుని విడిపోయాయి. పిల్లలు సంచులు సర్దుకుంటుంటే రవళి కనబడలేదు. చూస్తే స్టేడియం అంచు వెంబడి ఒక్కతే ఉరుకుతోంది. ఎవరూ చెప్పలేదు. సార్ అడ్డం వెళ్ళి నిలబడ్డాడు.

"యాడికి ఉరుకుతున్నవు?"

"రెండు రౌండ్లు సార్."

"ఎవరు జెప్పిండ్రు?"

సార్ జేబులో చెయ్యి పెట్టి నన్ను పట్టుకుని, మళ్ళీ వదిలేశాడు.

"మూడోది ఎట్ల తప్పిందో నాకు ఎర్కే. మొదటి రెండు ఎట్ల గొట్టినవో జెప్పు. నాకు జెప్పు బిడ్డా, నేర్చుకుంట."

రవళి అక్కడే గడ్డిలో కూర్చుని చెప్పింది. సార్ ఎదురుగా కూర్చుని విన్నాడు. పిల్లలు పిలిచినా లేవలేదు. బస్సు తప్పిపోయి తరవాతి బస్సుకు వెళ్ళాం.

రవళి రాష్ట్ర శిక్షణ శిబిరానికి ఎంపికైంది. ఎంపిక చేసిన పెద్దమనిషి మొదటి రెండు సర్వీసులు చూసి పేరు రాసుకుని, మూడోదానికి టీ తాగడానికి లేచి వెళ్ళాడని మేడం ద్వారా తెలిసింది. ఈ అంశాన్ని మానసిక అంశాల కింద రాయాలా, సాంకేతిక అంశాల కింద రాయాలా తేలక ఆమె చివరికి వదిలేసింది.

కనకయ్య సార్ పూర్తిగా మారిపోయాడని చెప్పాలని నాకూ ఉంది. బడిలో ఇప్పుడు ఆటకు ముందు మానసిక శిక్షణ అని ఒకటి పెట్టాడట. పిల్లలంతా అరగంట కళ్ళు మూసుకుని కూర్చోవాలి. నడుమ కళ్ళు తెరిచినవాళ్ళకు మొదట్లో రెండు రౌండ్లు ఉండేవి. రవళి శిబిరం నుంచి వచ్చినప్పుడు అడిగితే ఒకటికి తగ్గించాడు.

నన్ను మేడంకు ఇచ్చేశారు. విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర విభాగం హాల్లో అద్దాల బీరువాలో ఉంటున్నాను. నా కింద చీటీ మీద శ్రవణ ఉద్దీపన పరికరం, తాకరాదు అని రాసి ఉంది. మేడం పరిశోధనలో రవళి పేరు ఆర్-7, సార్ పేరు శిక్షకుడు-కె. మూడు వందల పన్నెండు పేజీలు, నలభై పట్టికలు. చివర, ఈ విషయంలో మరింత పరిశోధన అవసరం అని ఉంది.

మౌఖిక పరీక్ష ఈ హాల్లోనే జరిగింది. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఇద్దరు వచ్చారు. మేడం నిలబడి పట్టికలు ఒక్కొక్కటే వివరించింది. చివరలో, సభలో ఎవరికైనా సందేహాలుంటే అడగవచ్చన్నారు. ఇస్త్రీ చొక్కాతో వెనక వరసలో కూర్చున్న కనకయ్య సార్ లేచాడు. ఆ గొంతు విని బీరువాలో నా పొట్టలో బెండు కదిలినట్టయింది.

"అంత మంచిగ రాసిండ్రు మేడం. మా సింధూజతోని సదివిపిచ్చుకున్న. నేను పదికి నాలుగు గొట్టింది గూడ రాసిండ్రు. కని గా ఐదో సెట్టు ముచ్చట ఎందుకు రాయలే?"

మేడం చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టింది. తొందరపడలేదు.

"అది మీరు పిల్లలకు చెప్పారు సార్," అంది. "నాకు చెప్పలేదు."

సార్ తలూపి కూర్చున్నాడు. ప్రొఫెసర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, గ్రంథం ముందుకు లాక్కుని, ఐదో సెట్టు ఏ పేజీలో ఉందోనని వెతకడం మొదలుపెట్టారు.